గుమ్మడికాయంత సూర్యుడు, జొన్నగింజంత భూమి

"సూర్యుని చుట్టూ పరిభ్రమించే గ్రహాలెన్ని?" అని అడగండి. నాలుగవ తరగతి చదివే బాలుడైనా, బాలికైనా తడుముకోకుండా ఎనిమిదని చెబుతారు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అని వరుస తప్పకుండా అప్పజెబుతారు కూడా. ఆ వెంటనే, "వీటిలో నీవు కంటితో చూసినవి ఎన్ని?" అని రెండవ ప్రశ్న వేయండి. జవాబు అంత త్వరగా రాదు. ఆలోచించి ఆలోచించి, ఒక్కటీ చూడలేదని చాలామంది అంటారు. కాళ్ళ కింద ఉన్న భూమిని కూడా లెక్కలో చేర్చుకోరు.

లోపం పిల్లలది కాదు. సౌరకుటుంబాన్ని మనం వారికి ఒక పేర్ల జాబితాగా పరిచయం చేస్తున్నాము. అది ఎక్కాల వలె కంఠస్థమవుతుంది. పరీక్ష ముగియగానే మాసిపోతుంది. అంతటితో ఆగితే నష్టం స్వల్పమే. కాని ఆ జాబితాతోపాటు, ఇంట పెద్దల నోట విన్న మరొక ఆకాశం పిల్లల మనసులో నిలిచి ఉంటుంది. ఆ ఆకాశంలో గ్రహాలు పగబడతాయి. పాము సూర్యుణ్ణి మింగుతుంది. పాఠం నోటికి పరిమితమై, భయం గుండెలో మిగిలిపోతే, శాస్త్రం బోధించినా బోధించనట్లే.

ఈ స్థితికి చక్కని విరుగుడు ఒకటున్నది: ఆకాశాన్ని పిల్లల చేతనే కొలిపించటం. అందుకు దూరదర్శినులు అక్కరలేదు. ఒక కర్ర, ఒక అట్టముక్క, ఒక గుమ్మడికాయ, గుప్పెడు ధాన్యపు గింజలు చాలును.

నీడతో శ్రీకారం

సూర్యునితో పరిచయం సూర్యుని వైపు చూసి మొదలుపెట్టరాదు. నేలవైపు చూసి మొదలుపెట్టాలి. ఎండ బాగా పడే చోట ఒక కర్రను నిలువుగా పాతి, అరగంటకొకసారి దాని నీడ కొసను సుద్దతో గుర్తించమనండి. ఉదయం పొడవుగా ఉన్న నీడ పొద్దెక్కిన కొద్దీ కుదించుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం అతి పొట్టిదై, తిరిగి రెండవ వైపుకు సాగుతుంది. అతి పొట్టి నీడ పడిన గీత ఉత్తర దక్షిణాలను చూపుతుంది. దిక్సూచి లేకుండానే దిక్కులు తెలిశాయన్న సంతోషం పిల్లలకు కలుగుతుంది.

కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళలో ఏడాదికి రెండు రోజులు ఇంకొక వింత జరుగుతుంది. ఆ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, కర్ర నీడ పూర్తిగా మాయమవుతుంది. హైదరాబాదులో ఇది ఇంచుమించు మే 9న, ఆగస్టు 3న జరుగుతుంది. చెన్నైలోను, బెంగుళూరులోను ఏప్రిల్ 24న, ఆగస్టు 18న. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ బాలలకు ఈ దృశ్యం ఎన్నడూ లభించదు. ఎందుకని వారిని అడగనివ్వండి. ఆ ప్రశ్నలోనే భూమి గుండ్రదనం, దాని అక్షపు వాలు ఇమిడి ఉన్నాయి.

జయపూరులో సవాయ్ జైసింగ్ 18వ శతాబ్దంలో నిర్మించిన జంతర్ మంతర్‌లోని సమ్రాట్ యంత్రం ఈ కర్రకు పెద్దన్న. దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. అంత పెద్ద యంత్రం కనుక దాని నీడ నిమిషానికి ఆరు సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ, కంటికి స్పష్టంగా కదులుతున్నట్లే కనిపిస్తుంది.

కదిలినది సూర్యుడా, భూమా? పిల్లలు సూర్యుడే అంటారు. మందలించవలసిన పని లేదు. వేలాది సంవత్సరాలు మానవజాతి అంతా అదే అన్నది. రైలులో కూర్చున్నప్పుడు తంతి స్తంభాలు వెనక్కు పరుగెత్తినట్లు కనిపించటాన్ని వారికి గుర్తు చేయండి. సరిగ్గా ఇటువంటి ఉపమానాన్నే క్రీ. శ. 499లో ఆర్యభటుడు వాడాడు. ముందుకు పోయే పడవలోని వానికి ఒడ్డున ఉన్నవి వెనక్కు పోతున్నట్లు తోచినట్లే, తిరుగుతున్న భూమి మీది మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు తోస్తాయని ఆయన భావం. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు.

నూట ఎనిమిది అనే సంఖ్య

రెండవ పాఠానికి అట్టముక్క కావాలి. అట్టకు సన్నని సూదిబెజ్జం వేసి, చీకటి చేసిన గదిలో ఎండ వచ్చే కిటికీకి అమర్చండి. బెజ్జం గుండా వచ్చిన వెలుగు ఎదుట పట్టిన తెల్లకాగితం మీద గుండ్రని మచ్చగా పడుతుంది. బెజ్జం ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది. ఏమంటే, అది బెజ్జపు ఆకారం కాదు, సూర్యబింబమే. వేపచెట్టు కింద నేలమీద రాలినట్లుండే వెలుగుచుక్కలు కూడా ఆకుల సందుల నుంచి పడిన సూర్యబింబాలే. రోజూ వాటిని తొక్కుకుంటూ బడికి పోయే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి!

ఇక కొలత. బెజ్జానికి, కాగితానికి మధ్య దూరం 3 మీటర్ల 24 సెంటీమీటర్లు ఉంటే బింబం వెడల్పు ఇంచుమించు 3 సెంటీమీటర్లు వస్తుంది. అంటే దూరం వెడల్పుకు 108 రెట్లు. వెలుగు సూటిగా ప్రయాణిస్తుంది కనుక, బెజ్జానికి ఇవతల ఉన్న నిష్పత్తే అవతల కూడా ఉంటుంది. సూర్యుడు తన వ్యాసానికి సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నాడన్నమాట. జపమాలలోని పూసల సంఖ్య కూడా అదే కావటంచేత పిల్లలు ఈ అంకెను మరచిపోరు.

పుస్తకంలో ఇమడని బొమ్మ

ఈ సంఖ్యను మనసులో ఉంచుకొని పాఠ్యపుస్తకంలోని సౌరకుటుంబ చిత్రాన్ని చూడాలి. ఎడమ పక్కన ఒక పెద్ద పసుపు గోళం. దాని పక్కన రంగురంగుల బంతులు, ఒకదానికొకటి తగులుతాయా అన్నట్లు. చిత్రకారుని తప్పు లేదు. 20 సెంటీమీటర్ల పుటలో నెప్ట్యూన్ వరకు దూరాలను సరియైన కొలతతో చూపదలచితే, సూర్యుడు తలవెంట్రుక మందమంత చుక్క అవుతాడు. భూమి అసలు కనిపించదు. పరిమాణాలను, దూరాలను ఒకే కొలతతో చూపగల పుస్తకం ఇంతవరకు అచ్చు కాలేదు, కాబోదు కూడా. అందుకనే ఈ పాఠాన్ని తరగతి గది దాటించి ఆటస్థలానికి తీసుకొని పోవాలి.

ఒక సెంటీమీటరు 40,000 కిలోమీటర్లకు సమానమనుకుందాం. అప్పుడు ఒక మీటరు 40 లక్షల కిలోమీటర్లవుతుంది. 13 లక్షల 92 వేల కిలోమీటర్ల వ్యాసం గల సూర్యుడు 35 సెంటీమీటర్ల గుమ్మడికాయ అవుతాడు. ఆ గుమ్మడికాయను బడి మెట్ల మీద ఉంచి, పిల్లలను ఈ క్రమంలో నడిపించండి:

బుధుడు: ఆవగింజ, 14న్నర మీటర్ల దూరంలో.
శుక్రుడు: జొన్నగింజ, 27 మీటర్లు.
భూమి: మరొక జొన్నగింజ, 37న్నర మీటర్లు.
కుజుడు: రాగిగింజ, 57 మీటర్లు.
గురుడు: చిన్న నిమ్మకాయ, 195 మీటర్లు.
శని: ఉసిరికాయ, దాని చుట్టూ ఏడు సెంటీమీటర్ల వెడల్పు గల కాగితపు వలయం, 358 మీటర్లు.
యురేనస్: కుంకుడు గింజ, 718 మీటర్లు.
నెప్ట్యూన్: మరొక కుంకుడు గింజ, 1,124 మీటర్లు.

చిన్న గింజలను అట్టల మీద జిగురుతో అంటించి, ఒక్కొక్క అట్టను ఒక్కొక్క విద్యార్థికి ఇవ్వండి. కుజుని వరకు ఆటస్థలంలోనే సరిపోతుంది. గురుడు బడి ప్రహరీ దాటుతాడు. శని బజారు మలుపులో నిలబడతాడు. నెప్ట్యూన్ పట్టుకున్న పిల్లవాడు కిలోమీటరుకు పైగా నడిచి ఊరి చివరకు చేరుకొంటాడు. నడిచిన దారి పొడవునా ఈ గింజలు తప్ప చెప్పుకోదగిన మరే పదార్థమూ లేదన్న విషయం అప్పుడు కాళ్ళకు తెలుస్తుంది. ఆకాశం శూన్యమని వందసార్లు చదివినా కలగని జ్ఞానం ఇది.

భూమి దగ్గర కొంతసేపు ఆగండి. జొన్నగింజకు 9 సెంటీమీటర్ల 6 మిల్లీమీటర్ల దూరంలో ఒక గసగస గింజను అంటించండి. అది చంద్రుడు. భూమిని విడిచి మనిషి అడుగు పెట్టిన చోటు ఇంతవరకు అదొక్కటే. 1969 జూలైలో మొదటి అడుగు పడింది. మన చంద్రయాన్-3 దిగింది కూడా ఆ గసగస గింజ దక్షిణ ధ్రువప్రాంతానికి చేరువలోనే, 2023 ఆగస్టు 23న. ఇక సూర్యుని పరిశోధన కోసం 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఎక్కడ ఉన్నది? అది భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరానికి 2024 జనవరిలో చేరుకొన్నది. మన నమూనాలో అది జొన్నగింజ నుంచి గుమ్మడికాయ వైపు 37న్నర సెంటీమీటర్లు. మూరెడైనా లేదు, ఇంకా 37 మీటర్లు మిగిలే ఉన్నది.

జొన్నగింజ పక్కన నిలబడి గుమ్మడికాయ వైపు చూడమనండి. ఆకాశంలో సూర్యుడు ఎంత కనిపిస్తాడో, ఆ గుమ్మడికాయ సరిగ్గా అంతే కనిపిస్తుంది. నమూనా సరియైనదనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మరొక ఆట కూడా ఆడించవచ్చును. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి ఈ నమూనాలో సెకనుకు ఏడున్నర సెంటీమీటర్లు మాత్రమే జరుగుతుంది. అంటే ఒక బెత్తెడు. ఒక విద్యార్థిని గుమ్మడికాయ నుంచి సెకనుకు బెత్తెడు చొప్పున జరగమంటే, జొన్నగింజను చేరటానికి 8 నిమిషాల 20 సెకనులు పడుతుంది. నెప్ట్యూన్‌ను చేరాలంటే నాలుగు గంటలకు పైగా కావాలి. "అత్యంత సమీపంలోని నక్షత్రం ఎక్కడ?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఈ నమూనాలో ఆ నక్షత్రం 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది భూగోళపు చుట్టుకొలతలో నాలుగవ వంతు. ఆ జవాబు విన్న తరువాత ఏర్పడే నిశ్శబ్దాన్ని ఉపాధ్యాయులు భంగపరచకుండా ఉంటే మంచిది.

పేర్లలో దాగిన పరిశీలన

పగటి పాఠం ఇంతటితో ముగిసింది. రాత్రి పాఠం మేడ మీదనో, పొలం గట్టుననో జరగాలి. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని కంటికి కనిపించే గ్రహాలు. నక్షత్రాలు మినుకు మినుకుమంటాయి; గ్రహాలు చాలవరకు నిలకడగా వెలుగుతాయి. తూర్పున వేకువనో, పడమట మునిమాపునో అన్నిటికంటె కాంతివంతంగా కనిపించేవాడు శుక్రుడు. మన పల్లెల్లో వేగుచుక్క అని పిలిచేది తరచుగా ఇతనినే. అర్ధరాత్రి నడినెత్తిన ఇతడు ఎన్నడూ కనిపించడు. గుమ్మడికాయకు, మన జొన్నగింజకు నడుమ తిరిగేవాడు సూర్యునికి దూరంగా ఎలా పోగలడని పిల్లలను అడిగితే, నమూనాను తలచుకొని వారే సమాధానం చెబుతారు.

మన పెద్దలు ఈ గ్రహాలకు పెట్టిన పేర్లు ఎంతో పరిశీలనతో పెట్టినవి. అంగారకమంటే నిప్పుకణిక. కుజుడు ఎర్రగా కనిపిస్తాడు కనుక ఆ పేరు వచ్చింది. ఆ ఎరుపు అక్కడి మట్టిలోని ఇనుపతుప్పు రంగని ఇప్పుడు తెలిసింది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. సూర్యుని ఒక్కసారి చుట్టి రావటానికి శనికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. ఆ కాలాన్ని 12 రాశులకు పంచితే ఒక్కొక్క రాశికి ఇంచుమించు రెండున్నర ఏళ్ళు. మూడు రాశులకు ఏడున్నర. "ఏలినాటి శని" అన్న మాటలోని ఏడున్నర ఏళ్ళ లెక్క ఇదే. ఈ భాగహారం స్వయంగా చేసిన బాలికకు శని నెమ్మదిగా నడవటానికి కారణం తెలుస్తుంది. సూర్యునికి అతడు దూరంగా ఉండటమే ఆ కారణం. ఎవరి మీదా కోపం కాదు.

గురునికి ఒక ప్రదక్షిణానికి 12 ఏళ్ళకు కొద్దిగా తక్కువ పడుతుంది. ఏడాదికొక రాశి చొప్పున జరుగుతాడు. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. 2003లో వచ్చినవి మళ్ళీ 2015లో వచ్చాయి. తాతగారు తన జీవితంలో ఎన్ని పుష్కరాలు చూశారో అడిగి తెలుసుకొన్న పిల్లవాడు గురుగ్రహపు ప్రదక్షిణలనే లెక్కపెట్టినట్లు.

నవగ్రహాలకు, ఎనిమిది గ్రహాలకు పొత్తు కుదరక పిల్లలు తికమకపడతారు. రెండింటిలోను "గ్రహం" అన్న మాట ఒకటే గాని, అర్థం ఒకటి కాదు. నవగ్రహాలలో సూర్యచంద్రులున్నారు, భూమి లేదు. నేల మీద నిలబడి ఆకాశంలో కదిలేవాటిని లెక్కించిన జాబితా అది. రాహుకేతువులు గోళాలు కావు. చంద్రుని మార్గం సూర్యుని మార్గాన్ని దాటే రెండు బిందువులు. ఎనిమిది గ్రహాల జాబితా సూర్యుని చుట్టూ తిరిగేవాటిది. దేనినీ హేళన చేయకుండా ఈ తేడా చెప్పవచ్చును.

1970లలోను, 80లలోను చదువుకున్నవారు గ్రహాలు తొమ్మిదని నేర్చుకొన్నారు. 1930లో క్లైడ్ టాంబో కనుగొన్న ప్లూటోకు ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డుకు చెందిన 11 ఏళ్ళ బాలిక, వెనీషియా బర్నీ. మన చంద్రునికంటె చిన్నదైన ఆ గోళాన్ని 2006లో ప్రేగ్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మరుగుజ్జు గ్రహాల వర్గంలో చేర్చింది. నాన్న తొమ్మిదని, కూతురు ఎనిమిదని వాదులాడుకుంటే ఇద్దరూ తమతమ పాఠాలు సరిగానే చదువుకున్నారని అర్థం. కొత్త ఆధారాలు దొరికినప్పుడు పాత పాఠాన్ని దిద్దుకోవటం శాస్త్రానికి చిన్నతనం కాదు.

గుంటూరు చూసిన గ్రహణం

ఇంత చదువుకు పరీక్ష గ్రహణం నాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక, ఆంధ్ర, ఒరిస్సాల మీదుగా సాగింది. హైదరాబాదు సమీపంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల సంపూర్ణ ఛాయామార్గంలోనే ఉన్నది. శాస్త్రజ్ఞులు పరికరాలతో ఆకాశం వైపు ఎదురుచూస్తుండగా, అనేక పట్టణాలలో వీధులు నిర్మానుష్యమై, తలుపులు మూతపడ్డాయి. మళ్ళీ జీవితంలో చూస్తారో లేదో తెలియని దృశ్యం ఎందరో పిల్లలకు గోడల అవతలే జరిగిపోయింది.

ఆ గడ్డకే మరొక జ్ఞాపకం ఉన్నది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో పరిశీలించాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు మండే వాయువులతో కూడినవని ఆ వెలుగును విడదీసి గ్రహించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ అటువంటి వెలుగులో ఒక పసుపు గీతను గుర్తించి, అది భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందదని తేల్చాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరును బట్టి దానికి హీలియం అన్న నామకరణం జరిగింది. భూమి మీద హీలియాన్ని 1895లో గాని రామ్సే వేరుచేయలేకపోయాడు. సూర్యుని గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారటమే మనకు వచ్చే వెలుగుకు, వేడికి మూలమని తరువాత తెలిసింది.

పెదవి చీలికతో పుట్టిన శిశువును చూసి మనవారు నేటికీ "గ్రహణం మొర్రి" అంటారు. ఆ మాటలోనే తల్లి మీద నింద ఉన్నది: గ్రహణం వేళ ఆమె బయటకు వచ్చిందని, కత్తిపీట ముట్టిందని. గర్భం ధరించిన తొలి వారాలలో పెదవి భాగాలు అతుక్కోకపోవటంవల్ల వచ్చే లోపం అది, శస్త్రచికిత్సతో సరిచేయదగినది. జొన్నగింజకు, గుమ్మడికాయకు మధ్య గసగస గింజ అడ్డువచ్చినంత మాత్రాన ఒక తల్లి కడుపులోని బిడ్డ పెదవి చీలదని, ఆ గింజలను చేత పట్టుకొని నడిచిన పిల్లలు ఇంట్లో ధైర్యంగా చెప్పగలరు. అపరాధ భావంతో కుమిలే ఒక్క తల్లికి ఆ మాట చేరినా పాఠం సార్థకమైనట్లే.

గ్రహణంలో భయపడవలసినది ఒక్కటే, కంటికి కలిగే హాని. సూర్యుని నేరుగా చూడటం ఏ రోజైనా ప్రమాదమే. నొప్పి తెలియకుండానే కంటి లోపలి పొర కాలిపోతుంది. మసిపట్టిన గాజుముక్కలు, ఎక్స్‌రే ఫిల్ములు రక్షణ ఇవ్వవు. అందుకై ప్రమాణం ప్రకారం తయారైన కళ్ళద్దాలు వాడాలి, లేదా మన పాత అట్టముక్కనే నమ్ముకోవాలి. ఆనాడు వేపచెట్టు కింద వెలుగుచుక్కలన్నీ నెలవంకలై పరుచుకొంటాయి. ఆ దృశ్యానికి తలవంచి నేల చూస్తే చాలు.

2034 మార్చి 20న సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ మన దేశపు ఉత్తరపు కొసన, లడఖ్ ప్రాంతం మీదుగా సాగుతుంది. దేశంలోని మిగిలిన ప్రాంతాలలో అది పాక్షికంగా కనిపిస్తుంది. నేడు పలక పట్టిన పిల్లలు అప్పటికి ఆలోచన తెలిసిన వయస్సుకు వస్తారు. ఆ రోజు వారు తలుపులు మూసుకొని కూర్చుంటారా, అట్టముక్క చేతబట్టి చెట్టు కిందికి వస్తారా అన్నది ఇప్పుడు మనం వారికి చెప్పే పాఠం మీద ఆధారపడి ఉన్నది. ఒక గుమ్మడికాయ ఖరీదుకు ఇంతకంటె మంచి చదువు దొరకదు.